కారు పడుకునే చోటు

ఏడాదికి 15 వేల కిలోమీటర్లు తిరిగే కారు, ఊళ్ళో సిగ్నళ్ళూ హైవే మీద ట్రాఫిక్కూ కలుపుకుని సగటున గంటకు 40 కిలోమీటర్ల చొప్పున నడుస్తుందనుకుంటే, ఏడాది మొత్తమ్మీద అది కదిలేది 375 గంటలు. అంటే రోజుకు ఒక్క గంట. మిగతా 23 గంటలూ ఎక్కడో ఒకచోట ఊరికే నిలబడి ఉంటుంది. పాత కారు మార్చాలన్న మాట ఇంట్లో రాగానే మనం మాట్లాడుకునేదంతా ఆ ఒక్క గంట గురించే: మైలేజీ ఎంత, పికప్ ఎలా ఉంది, అత్తామామలు వచ్చినప్పుడు ఏడుగురం పడతామా, సన్‌రూఫ్ ఉందా. కానీ కెనడాలోని ఎటోబికో లాంటి చోట కారు ఆయుష్షునీ, దానికయ్యే ఖర్చునీ, చివరికి తెల్లారేసరికి అది మన వాకిట్లోనే ఉంటుందా లేదా అన్నదాన్నీ ఎక్కువగా తేల్చేది ఆ 23 గంటలే. అందుకే ఏ కారు కొనాలి అనే ముందు, కొన్న కారు రాత్రిళ్ళు ఎక్కడ పడుకుంటుంది అని అడగాలంటాను.

హంబర్ నదికీ ఎటోబికో క్రీక్‌కీ మధ్య, ఆంటారియో సరస్సు ఒడ్డు నుంచి స్టీల్స్ అవెన్యూ దాకా పరుచుకున్న ప్రాంతం ఎటోబికో. 1998లో టొరంటోలో కలిపేసేదాకా అది వేరే నగరం. ఆల్డర్ చెట్లు పెరిగే చోటు అని అర్థమిచ్చే ఆదివాసీ మాట నుంచి ఆ పేరు వచ్చింది. రాతలో చివర ఉన్న 'కె' నోట్లో పలకదు, కొత్తగా వచ్చినవాళ్ళని పట్టించేది అదే. కారు నిలిపే చోటు లెక్కన చూస్తే ఇక్కడ మూడు ఊళ్ళున్నాయి. రెండో ప్రపంచ యుద్ధం తరవాత కట్టిన బంగళాల వీధులు ఒకటి. ప్రతి ఇంటికీ సొంత డ్రైవ్‌వే, గోడకి కరెంటు. రెక్స్‌డేల్, కిప్లింగ్ అవెన్యూ పక్కన 1960, 70ల్లో లేచిన అద్దె టవర్లు ఇంకొకటి. కిందనో పక్కనో పెద్ద పార్కింగ్ స్థలం, అందులో ప్లగ్గు అన్నదే ఉండదు. మూడోది సరస్సు ఒడ్డున హంబర్ బే షోర్స్‌లో నిలబడ్డ గాజు కాండోలు. కారు నేలమాళిగలో, వెచ్చగా. ఒకే కారు ఈ మూడుచోట్లా మూడు రకాలుగా ముసలిదవుతుంది.

దాన్ని ముందు కొరికేది ఉప్పు. ఆంటారియో రాష్ట్రంలోనే, హ్యూరన్ సరస్సు ఒడ్డున గోడెరిచ్ అనే చిన్న పట్నం ఉంది. అక్కడ సరస్సు అడుగున, అర కిలోమీటరుకు పైగా లోతులో, ప్రపంచంలోకెల్లా పెద్దదిగా పేరున్న భూగర్భ ఉప్పు గని నడుస్తోంది. చలికాలంలో ఆంటారియో రోడ్ల మీద చల్లే ఉప్పులో చాలా భాగం అలాంటి గనుల నుంచి వచ్చేదే. నీళ్ళలో ఉప్పు కలిస్తే గడ్డకట్టే ఉష్ణోగ్రత తగ్గుతుంది. 23 శాతం ఉప్పున్న నీరు మైనస్ 21 డిగ్రీల దాకా నీరుగానే ఉంటుంది. మంచు కరిగించడానికి పనికొచ్చే ఈ గుణమే కారుకి శాపం. తుప్పు పట్టడమంటే ఒక చిన్న బ్యాటరీ పనిచేయడమే. ఇనుము ఒకచోట ఎలక్ట్రాన్లని వదులుతుంది, పక్కనే ఇంకోచోట ఆక్సిజన్ వాటిని అందుకుంటుంది, మధ్యలో తడి ఆ వలయాన్ని పూర్తిచేస్తుంది. మంచినీళ్ళలో ఈ పని నత్తనడక. ఉప్పునీళ్ళు విద్యుత్తుని బాగా ప్రవహింపజేస్తాయి, పైగా ఉప్పులోని క్లోరైడు లోహాన్ని కాపాడే పలచని పొరని చీల్చుకుంటూ పోతుంది. ఏర్పడిన తుప్పు అసలు ఇనుము కంటే కొన్ని రెట్లు ఉబ్బి, రెండు రేకుల అతుకుల్ని లోపలినుంచి తెరుస్తుంది. విశాఖలో బీచ్ రోడ్డు పక్కన ఇల్లున్నవాళ్ళకి ఇది చెప్పనక్కర్లేదు. కిటికీ ఊచలు ఏం చెబుతాయో వాళ్ళకి తెలుసు.

ఇక్కడే మన లోకజ్ఞానం తిరగబడుతుంది. వెచ్చని గ్యారేజీలో పెట్టిన కారు సుఖపడుతుందనీ, బయట మంచులో నిలబడ్డది పాడవుతుందనీ అనుకుంటాం. తుప్పు విషయంలో జరిగేది సరిగ్గా ఉల్టా. రసాయన చర్యలన్నిటిలాగే తుప్పు కూడా వేడితో వేగం పుంజుకుంటుంది. పది డిగ్రీలు పెరిగితే చర్య వేగం దాదాపు రెట్టింపవుతుందన్నది రసాయన శాస్త్రంలో మోటు లెక్క. మైనస్ 15లో బయట ఉన్న కారు అడుగున ఉప్పు మంచు చాలావరకు గడ్డగానే అతుక్కుని ఉంటుంది, తుప్పు దాదాపు నిద్రపోతుంది. అదే కారుని 8 డిగ్రీల నేలమాళిగలోకి దింపితే ఆ గడ్డ కరిగి చిక్కటి ఉప్పునీరై, తెల్లవార్లూ ఆరకుండా అతుకుల్లోకి ఇంకుతూ ఉంటుంది. కాండోలో ఉండేవాళ్ళు ఫిబ్రవరిలో కారు పై భాగం కాదు, అడుగు కడిగించాల్సింది ఇందుకే. ఏటా శరత్కాలంలో వర్క్‌షాపుల్లో కొట్టే ఆయిల్ స్ప్రేకి కూడా అర్థముంది. ఆ నూనె అతుకుల్లోకి పాకి తడిని బయటికి తోస్తుంది. చిన్న పెట్టె బిగించి విద్యుత్తుతో తుప్పు ఆపుతామనే ఎలక్ట్రానిక్ పరికరాల మీద మాత్రం నాకు నమ్మకం లేదు. ఓడలకీ భూమిలోని పైపులకీ ఆ పద్ధతి పనిచేస్తుంది, ఎందుకంటే అవి నీటిలోనో తడి మట్టిలోనో మునిగి ఉంటాయి. కారు గాలిలో ఉంటుంది; వలయం పూర్తయ్యే దారి లేదు.

పాత కారుని ఎప్పుడు వదిలేయాలి అన్నదానికి జవాబు కూడా ఇందులోంచే వస్తుంది. మన దేశంలో ప్రైవేటు కారుకి 15 ఏళ్ళు నిండితే రిజిస్ట్రేషన్ మళ్ళీ చేయించాలి, బండి చూపించాలి. ఆంటారియోలో అలాంటి గడువు లేదు. 1999లో మొదలుపెట్టిన డ్రైవ్ క్లీన్ పొగ పరీక్షల్ని 2019లో కార్లకి ఎత్తేశారు. సేఫ్టీ సర్టిఫికెట్ సాధారణంగా అడిగేది బండి చేతులు మారినప్పుడే. కాబట్టి సొంత కారు ఎప్పుడు చాలించాలో తేల్చుకునే భారం పూర్తిగా యజమానిదే, అతను చూసేదేమో ఓడోమీటరు. అది తప్పు చోటు. హైదరాబాద్‌లో 15 ఏళ్ళ కారుకి రంగు వెలిసిపోతుంది, రబ్బరు పగులుతుంది, బ్యాటరీ ఎండకే చస్తుంది, కానీ ఇనుము చెక్కుచెదరదు. ఎటోబికోలో ఇంజన్ గుండ్రాయిలా ఉండగానే తలుపుల కింది పట్టీ చిల్లులు పడుతుంది. ఆల్టర్నేటరు, బ్రేకు డిస్కులు, బ్యాటరీ వంటివి విప్పి బిగించే భాగాలు. వాటి కోసం పెట్టిన ఖర్చు దండగ కాదు. సబ్‌ఫ్రేమూ, సస్పెన్షన్ బిగించే చోట్లూ తుప్పు తిన్న తరవాత పెట్టిన ప్రతి డాలరూ దండగే. మెకానిక్ లిఫ్ట్ మీదకి ఎక్కించి, దీపం పట్టుకుని, స్క్రూడ్రైవరుతో పొడిచి చూసిన పది నిమిషాలు లక్షన్నర కిలోమీటర్ల అంకె కంటే ఎక్కువ చెబుతాయి.

కొత్తగా వచ్చే కారు ఎదుర్కోవలసిన రెండో సంగతి చలి. చల్లటి రాత్రి తరవాత పెట్రోలు ఇంజన్ పడే పాట్లు చిన్నవి కావు. మైనస్ 18 దగ్గర మామూలు బ్యాటరీ శక్తి దాదాపు సగానికి పడిపోతుంది, సరిగ్గా అప్పుడే చిక్కబడ్డ ఆయిల్ ఇంజన్ని తిరగనివ్వదు. చల్లటి సిలిండర్లలో పెట్రోలు సరిగా ఆవిరి కాదు కనుక కంప్యూటరు ఎక్కువ పెట్రోలు పోస్తుంది, కాలనిది గోడల వెంట జారి ఆయిల్లో కలుస్తుంది. చాలామందికి తట్టని ఇంకో లెక్క ఉంది: ఒక లీటరు పెట్రోలు మండితే దాదాపు ఒక లీటరు నీరు పుడుతుంది. దూరప్రయాణంలో అది ఆవిరిగా వెనక గొట్టంలోంచి పోతుంది. ఇంటి నుంచి షెర్వే గార్డెన్స్ మాల్ దాకా నాలుగు కిలోమీటర్లు వెళ్ళి ఆపేస్తే సైలెన్సర్లోనే చల్లబడి నిలుస్తుంది, లోపలినుంచి దాన్ని తినేస్తుంది. 2017, 18 హోండా సీఆర్‌వీ టర్బో ఇంజన్లలో ఆయిల్లో పెట్రోలు చేరుతోందన్న ఫిర్యాదులు చలి ప్రాంతాల నుంచే దండిగా వచ్చాయి. కంపెనీ సాఫ్ట్‌వేర్ మార్చి, వారంటీ పొడిగించాల్సొచ్చింది. వెచ్చని ఊళ్ళో అదే బండికి ఆ బాధ అంతగా లేదు. అమెరికా ఇంధన శాఖ లెక్కల్లో మైనస్ 7 దగ్గర ఊళ్ళో తిరిగే పెట్రోలు కారు మైలేజీ, 25 డిగ్రీలప్పటితో పోలిస్తే, 15 శాతం వరకూ పడుతుంది. ఐదారు కిలోమీటర్ల చిన్న ప్రయాణాలైతే 24 శాతం దాకా. హైబ్రిడ్లకి దెబ్బ ఇంకా ఎక్కువ, 30 శాతం పైన, ఎందుకంటే లోపల వెచ్చదనం కోసం ఆగాల్సిన ఇంజన్ ఆగకుండా తిరుగుతుంది. స్టార్ట్ చేసి పావుగంట వదిలేయడం దీనికి మందు కాదు. ఆయిల్ త్వరగా వేడెక్కేది మెల్లగా నడిపినప్పుడే. పైగా టొరంటోలో గంటలో ఒక నిమిషానికి మించి ఇంజన్ ఊరికే తిప్పితే జరిమానా.

ఎలక్ట్రిక్ కారు ఈ చలికి తట్టుకోదన్నది అందరి నోటా వినిపించే మొదటి అభ్యంతరం. అందులో సగం నిజం. కెనడా ఆటోమొబైల్ అసోసియేషన్ 2025 ఫిబ్రవరిలో ఒట్టావా నుంచి మోంట్ ట్రెంబ్లాంట్ దాకా రకరకాల ఎలక్ట్రిక్ కార్లని నడిపి చూస్తే, చెప్పిన దూరంలో 14 నుంచి 39 శాతం దాకా కోత పడింది. కానీ కోత ఎక్కడినుంచి వస్తోందో చూడాలి. అమెరికాలోని ఆటోమొబైల్ అసోసియేషన్ 2019లో చేసిన పరీక్షలో మైనస్ 7 దగ్గర హీటరు వేస్తే సగటున 41 శాతం దూరం పోయింది, హీటరు లేకుండా పోయింది 12 శాతమే. అంటే దోషి చలి కన్నా ఎక్కువగా హీటరే. పెట్రోలు ఇంజన్ తనలో కాలిన ఇంధనంలో మూడింట రెండు వంతుల దాకా వేడిగా పారబోస్తుంది. ఆ పారబోసినదాంట్లోంచి మనకి ఉచితంగా వెచ్చదనం దొరుకుతుంది. ఎలక్ట్రిక్ మోటారు అంత దుబారా చేయదు, కాబట్టి వెచ్చదనానికి విడిగా వెల కట్టాలి. ఆ వెల బ్యాటరీ కట్టాలా, గోడలోని కరెంటు కట్టాలా అన్నదే ప్రశ్న. రాత్రి ప్లగ్గులో ఉన్న కారు బయలుదేరే ముందే గోడ కరెంటుతో లోపలినీ బ్యాటరీనీ వెచ్చబెట్టుకుంటుంది. ప్లగ్గు లేని చోట మైనస్ 12లో నిలబడ్డ కారు బ్యాటరీ తెల్లారేసరికి చల్లబడిపోతుంది. అలాంటి లిథియం బ్యాటరీలోకి బలవంతంగా కరెంటు పంపితే లోపల లిథియం లోహపు పూతగా పేరుకుంటుంది కనుక కంప్యూటరు చార్జింగ్ వేగాన్నీ తగ్గిస్తుంది, బ్రేకు వేసినప్పుడు వెనక్కి రావలసిన శక్తినీ అడ్డుకుంటుంది. నార్వేలో 2024లో అమ్ముడైన కొత్త కార్లలో పదింటికి దాదాపు తొమ్మిది ఎలక్ట్రిక్. అక్కడ చలి మనకంటే తక్కువనా? కాదు, పన్ను రాయితీలతో పాటు చార్జింగ్ ఇంటి దగ్గరే దొరకడం వల్ల.

డబ్బు లెక్క ఈ సంగతిని ఇంకా కచ్చితంగా చెబుతుంది. అదే 15 వేల కిలోమీటర్లు తీసుకుందాం. వందకి 9 లీటర్లు తాగే పాత పెట్రోలు కారుకి ఏడాదికి 1,350 లీటర్లు, లీటరు 1.40 డాలర్లనుకుంటే 1,890 డాలర్లు. వందకి 6 లీటర్ల హైబ్రిడ్‌కి 1,260. ఎలక్ట్రిక్ కారుకి చలికాలం కూడా కలిపి వందకి 20 యూనిట్లు వేసుకుంటే 3,000 యూనిట్లు. ఆంటారియోలో 2023 మే నుంచి రాత్రి 11 మొదలు ఉదయం 7 దాకా అతి తక్కువ ధర పథకం ఉంది. మొదలైనప్పుడు యూనిట్ 2.4 సెంట్లు. ఇతర చార్జీలన్నీ కలిపి మరీ ఉదారంగా 15 సెంట్లు వేసినా ఏడాదికి 450 డాలర్లే. అదే కారుకి ఇంటి దగ్గర ప్లగ్గు లేక రోడ్డు పక్క ఫాస్ట్ చార్జరు మీదే ఆధారపడి, యూనిట్‌కి 60 సెంట్లు కడితే 1,800 డాలర్లు: హైబ్రిడ్‌ని దాటి, వదిలించుకోవాలనుకున్న పాత పెట్రోలు కారు దగ్గరికి వచ్చేసింది. కారు అదే, ఊరు అదే, నడిపేవాళ్ళూ వాళ్ళే. మారింది అది పడుకునే చోటు. ఇంకో మాట, దీనికి పెద్ద చార్జరు బిగించాలని కూడా లేదు. మామూలు 120 వోల్టుల సాకెట్టు ఎనిమిది గంటల్లో పది పదకొండు యూనిట్లు ఇస్తుంది. పై లెక్క ప్రకారం రోజుకి కావలసింది ఎనిమిది చిల్లర. గడ్డకట్టే రాత్రుల్లో అందులో కొంత బ్యాటరీ వెచ్చబెట్టుకోవడానికే పోతుంది, అప్పుడు ఇంకో రెండు మూడు గంటలు ప్లగ్గులో ఉంచాలి.

ఆ కరెంటు మాత్రం ఎక్కడినుంచి వస్తోంది, బొగ్గు నుంచే కదా అనే వాదన మన రాష్ట్రాల్లో చెల్లుతుంది, ఇక్కడ చెల్లదు. ఎటోబికో క్రీక్ దాటగానే పడమట, సరస్సు ఒడ్డున, లేక్‌వ్యూ బొగ్గు విద్యుత్ కేంద్రం ఉండేది. నాలుగు అక్కచెల్లెళ్ళు అని జనం పిలుచుకున్న దాని నాలుగు పొగగొట్టాలు లాంగ్ బ్రాంచ్ నుంచి నిటారుగా కనిపించేవి. 2005లో కేంద్రాన్ని మూశారు, 2006లో గొట్టాల్ని కూల్చారు. 2014లో థండర్ బే కేంద్రంతో ఆంటారియోలో బొగ్గు విద్యుత్తు పూర్తిగా ఆగిపోయింది. ఇప్పుడు సుమారు సగం అణువిద్యుత్తు, తరవాతి పెద్ద వాటా జలవిద్యుత్తు. పికరింగ్‌లో పాత రియాక్టర్లు మూతపడుతున్నకొద్దీ గ్యాస్ వాటా పెరుగుతున్న మాట నిజమే. అయినా యూనిట్‌కి వంద గ్రాముల కార్బన్ డయాక్సైడ్ అనుకున్నా 3,000 యూనిట్లకి 300 కిలోలు. లీటరు పెట్రోలుకి 2.3 కిలోల చొప్పున పాత కారు వదిలేది 3.1 టన్నులు, హైబ్రిడ్‌ది 2 టన్నుల పైచిలుకు.

దీనికి గట్టి ఎదురువాదం ఒకటుంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. కొత్త కారు తయారీకే బోలెడు కార్బన్ ఖర్చవుతుంది, నడుస్తున్న పాతదాన్ని చెత్తలో వేయడం పర్యావరణానికి మేలెలా అవుతుంది? ఎలక్ట్రిక్ కారు తయారీకి, బ్యాటరీ పరిమాణాన్ని బట్టి, పది టన్నులు అటూ ఇటూ అనుకుందాం. ఏడాదికి 2.8 టన్నులు ఆదా అయితే మూడున్నర ఏళ్ళలో ఆ అప్పు తీరుతుంది. హైబ్రిడ్‌కి ఏడు టన్నులనుకుంటే, ఏడాదికి ఆదా ఒక టన్నే కనుక ఏడేళ్ళు పడుతుంది. ఏడాదికి ఆరువేల కిలోమీటర్లే తిరిగే కుటుంబానికైతే ఎలక్ట్రిక్ అప్పు కూడా దాదాపు తొమ్మిదేళ్ళ దాకా తీరదు. కాబట్టి ఇనుము గట్టిగా ఉన్న పాత కరోలాని పర్యావరణం పేరు చెప్పి హైబ్రిడ్‌తో మార్చడం పెద్ద పుణ్యకార్యమేమీ కాదు. కిప్లింగ్, ఇస్లింగ్టన్ సబ్‌వే స్టేషన్ల దగ్గర ఉంటూ వారానికోసారి కూరగాయలకీ గుడికీ మాత్రమే కారు తీసేవాళ్ళు దానికి ఏటా అడుగున నూనె కొట్టించి, బ్యాటరీ మార్చి, ఇంకో మూడేళ్ళు నడుపుకోవడమే తెలివైన పని.

నిలబడ్డ కారుకి ఇంకో ప్రమాదం కూడా ఎటోబికోకి బాగా తెలుసు. 2023లో టొరంటోలో 12 వేలకు పైగా వాహనాలు దొంగల పాలయ్యాయి, అందులో ఎటోబికో పేరు పైవరసలోనే ఉంది. విమానాశ్రయం, హైవేలు, ట్రక్కుల గోదాములు అన్నీ పక్కనే. 2024 ఆరంభంలో ఇక్కడే జరిగిన ఒక సభలో పోలీసు అధికారి ఒకరు, దొంగలు ఇంట్లోకి చొరబడకుండా కారు తాళాల్ని గుమ్మం దగ్గరే పెట్టండి అని సలహా ఇస్తే దేశమంతా నోరు తెరిచింది. బటన్ నొక్కి స్టార్ట్ చేసే కార్లలో తాళం ఎప్పుడూ కారు పిలుపు కోసం చెవి ఒగ్గి ఉంటుంది. ఇంటి గోడ పక్కన ఒకడు, కారు పక్కన ఒకడు నిలబడి ఆ పిలుపునీ జవాబునీ పెద్దవి చేసి చేరవేస్తే కారు మోసపోతుంది. తాళాన్ని లోహపు డబ్బాలో పెడితే తరంగాలు చాలావరకు ఆగుతాయి. మూత బిగుతుగా ఉన్న పోపుల డబ్బా కూడా పనికొస్తుంది, కారు పక్కన నిలబడి తలుపు తెరుచుకోవడం లేదని ఒకసారి పరీక్షించుకుంటే. దొంగతనాల జాబితాల్లో తరచూ పైనుండే హైలాండరు, లెక్సస్ ఆర్ఎక్స్, సీఆర్‌వీ లాంటివి డ్రైవ్‌వేలో ఆరుబయట నిలపాల్సినవాళ్ళు బీమా కంపెనీని ముందే అడగాలి. కొన్ని కంపెనీలు అలాంటి మోడళ్ళకి అదనంగా వసూలు చేస్తున్నాయి.

ఇంతా చూశాక నా తీర్పు ఇది. సొంత డ్రైవ్‌వే, పక్కన సాకెట్టు ఉన్న ఇంటికి ఎలక్ట్రిక్ కారే. అదీ కొత్తది కాకుండా, లీజు ముగిసి వచ్చిన మూడు నాలుగేళ్ళది, ఎందుకంటే మొదటి యజమాని పెద్ద నష్టాన్ని అప్పటికే మోసేశాడు, బ్యాటరీకి సాధారణంగా ఉండే ఎనిమిదేళ్ళ వారంటీ ఇంకా మిగిలే ఉంటుంది. ఏడాదికి రెండుసార్లు మాంట్రియల్ వెళ్ళాలనే భయంతో మిగతా 363 రోజుల లెక్కని పాడుచేసుకోవద్దు. ఆ రెండుసార్లూ దారిలో ఆగి చార్జింగ్ పెట్టుకోవచ్చు. కాండో వాళ్ళకి 2018 మే నుంచి చట్టం కొంత తోడుంది: సొంత ఖర్చుతో చార్జరు పెట్టుకుంటామని యజమాని అడిగితే బోర్డు సరైన కారణం లేకుండా కాదనలేదు. అద్దె టవర్లలో ఉన్నవాళ్ళకి ఆ హక్కు లేదు. వాళ్ళకి హైబ్రిడ్డే సరి, మనసు ఎంత టెస్లా వైపు లాగినా. ఏది కొన్నా చలికాలపు టైర్లు తప్పవు. 7 డిగ్రీల కిందికి వెళ్తే మామూలు టైర్ల రబ్బరు బిరుసెక్కుతుంది, నాలుగు చక్రాలకీ శక్తి వెళ్ళే కారైనా బ్రేకు వేసినప్పుడు ఆ శక్తి అక్కరకు రాదు.

వాడిన కారు కొనేటప్పుడు కాగితాల కంటే ముందు అడుగు చూడండి. వ్యక్తి దగ్గర కొంటే 13 శాతం పన్ను మీరు చెప్పిన ధర మీద కాదు, దానికీ హోల్‌సేల్ విలువకీ మధ్య ఏది ఎక్కువైతే దాని మీద వేస్తారు. డీలరు దగ్గర పాత కారు ఇచ్చి కొంటే తేడా మీదే పన్ను. డీలరు దగ్గర సంతకం పెట్టాక మనసు మార్చుకునే గడువు ఆంటారియోలో లేదు. కాబట్టి షోరూమ్‌కి వెళ్ళేముందు ఒక రాత్రి, పదకొండు దాటాక, కోటు వేసుకుని కిందికి దిగండి. మీ కారు నిలిపే చోట గోడకి సాకెట్టు ఉందో లేదో, ఉంటే అందులో కరెంటు వస్తోందో లేదో చూసి రండి.